విమానం ముందు నుంచి కాస్త పక్కకు జరగండి

మా ఇంట్లో ఒక ఫోటో ఉంది. 1997 ఎండాకాలం సెలవుల్లో, బెంగళూరు బయట ఒక ఊళ్ళో, ప్రదర్శనకు నిలబెట్టిన మారుత్ జెట్ విమానం ముందు తీయించుకున్నది. అవ్వ, నాయన, అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, పిల్లకాయలం మేము నలుగురం వరసగా నిలబడి నవ్వుతున్నాం. తాత మాత్రం వరసలో లేడు. ఫోటో కుడి అంచున ఆయన వీపు సగం కనబడుతుంది. తోక వైపు తిరిగి, అక్కడ రాసిన నంబరు చదువుకుంటున్నాడు. ఆ నంబరు ఫోటోలో పడలేదు. చిన్నాయన భుజం అడ్డం వచ్చింది.

తాత ములబాగిలు పక్క పల్లె నుంచి బెంగళూరు వచ్చి, హెచ్‌ఏఎల్‌లో రివెట్లు కొట్టే పనిలో చేరినవాడు. మారుత్ రెక్కల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. "ఇది మా చేతిమీద పోయిందే రా, నంబరు నాకు గుర్తుంది" అన్నాడు ఆ పొద్దు. ఎవరం చెవిన పెట్టలేదు. ఆటోవాడు తొందర పెడుతున్నాడు, పిల్లలకు ఆకలి. ఇంటికొచ్చాక తాత, పాల లెక్క రాసుకునే చిన్న డైరీలో ఆ నంబరు రాసి పెట్టుకున్నాడు. ఆయన పోయింది 2009లో. డైరీ ఆ తర్వాత దొరికింది. 2014లో మేం ఆ ఊరు మళ్ళీ వెళ్ళి చూస్తే విమానానికి కొత్త రంగు వేసి ఉంది. డైరీలో చివరి అంకె 3. విమానం మీద 8.

తాత తప్పు రాసుకున్నాడా, రంగు వేసినవాడు తప్పు రాశాడా? మా చేతిలో ఉండాల్సిన సాక్ష్యం ఒక్కటే. దానికి తొమ్మిది మందిమి అడ్డం నిలబడ్డాం.

అందుకే ఈ మాట గట్టిగానే చెప్తున్నాం, కోపం వచ్చినా సరే. మ్యూజియంలో విమానాన్ని మనం తీసే తీరు తప్పు. మ్యూజియంలు తీయనిచ్చే తీరు కూడా తప్పే. మన మొహాలు, విమానం ముక్కు, వెనకాల ఆకాశం తీసుకొచ్చుకుంటున్నాం. ఆ విమానం ఏది, ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని చెప్పే గుర్తులన్నీ అక్కడే వదిలేసి వస్తున్నాం. ఎండకు, వానకు, కొత్త రంగుకు ఆ గుర్తులు ఒక్కొక్కటే పోతున్నాయి.

"పాత ఇనుము, దానికింత రాద్ధాంతమా?" అని మన ఇళ్ళల్లోనే అంటారు. మొదట, అది ఇనుము కాదు, ఎక్కువ భాగం అల్యూమినియం. రెండోది, మన పెద్దవాళ్ళు పనిచేస్తుండగా తీసిన ఫోటో మన ఇళ్ళల్లో ఎన్ని చోట్ల ఉంది? రక్షణ ఫ్యాక్టరీలోకి కెమెరా పోనివ్వరు. ఆ రోజుల్లో అది న్యాయమే. తాత ఉద్యోగకాలానికి సాక్ష్యంగా మా ఇంట్లో మిగిలింది ఆయుధ పూజ రోజు కుంకుమ బొట్టుతో స్నేహితులతో దిగిన ఒక గ్రూప్ ఫోటో, రిటైరైనప్పుడు ఇచ్చిన గడియారం, సరిగా వినపడని చెవులు. రివెట్లు కొట్టే షాపులో ముప్పై ఏళ్ళుంటే చెవులు అట్లా అవుతాయి. ఒకడు ఇవతల నుంచి గన్నుతో కొడుతుంటే, ఇంకొకడు అవతల ఇనుప దిమ్మె అదిమి పట్టుకోవాలి. మనిషి సన్నగా ఉంటే రెక్క లోపలి ఇరుకులోకి అతన్నే పంపేవాళ్ళంట. తాత సన్నగా ఉండేవాడు.

ఆ పని ఫోటో లేదు. పని మిగిలింది విమానం మీదే. అట్లాంటప్పుడు విమానాన్ని తీయడమంటే ఆ పనిని తీయడమే కదా! రివెట్ల వరస పడని ఫోటోలో తాత లేడు.

మారుత్ కథే తీసుకోండి. జర్మనీలో ఫోకే-వుల్ఫ్ యుద్ధ విమానాలకు రూపమిచ్చిన కుర్ట్ టాంక్ 1956లో బెంగళూరు వచ్చాడు. ఆయన నాయకత్వంలో ఇక్కడివాళ్ళే గీసి, ఇక్కడే కట్టిన జెట్ అది. 1961 జూన్ 17న సురంజన్ దాస్ దాన్ని మొదటిసారి ఎగరేశాడు. మొత్తం 147 తయారయ్యాయి. ఇప్పుడు మ్యూజియంకు వచ్చేవాళ్ళు దాన్ని ఎక్కడి నుంచి తీస్తారో గమనించండి. నూటికి తొంభై మంది ముందు నుంచే. సూదిలాంటి ముక్కు, వెనక్కి వంగిన రెక్కలు, చూస్తేనే శబ్దాన్ని దాటి పోయేట్టు ఉంటుంది. పైన దేశభక్తి మాట ఒకటి రాసి పంపేస్తారు.

అదే విమానం వెనక్కి ఒకసారి పోయి చూడండి. పక్కపక్కన రెండు చిన్న గొట్టాలు కనబడతాయి. అవి ఆర్ఫియస్ ఇంజన్లవి. చిన్న నాట్ విమానానికి ఒకటి చాలిన ఆ జాతి ఇంజన్లనే ఇంత పెద్ద మారుత్‌కు రెండు పెట్టి సరిపెట్టారు. టాంక్ అనుకున్న ఇంజను వేరు. ఇంకా బలంగా ఉండే ఆ రకాన్ని బ్రిటన్‌లో మధ్యలోనే వదిలేశారు. దాన్ని పూర్తి చేయించడానికి డబ్బు పెట్టడానికి మన ప్రభుత్వం ముందుకు రాలేదు. దాంతో శబ్దవేగాన్ని దాటడానికి పుట్టిన విమానం, నేరుగా ఎగిరేటప్పుడు దాన్ని దాటకుండానే 1990 నాటికి రిటైరైపోయింది. ఆ ఇంజన్ల వ్యవహారంలోనే 1970 జనవరి 10న, మరింత శక్తి కోసం మార్చిన మారుత్‌ను పరీక్షిస్తూ దాస్ బెంగళూరులో కూలి చనిపోయాడు. పాత విమానాశ్రయం దగ్గర సురంజన్ దాస్ రోడ్డు ట్రాఫిక్‌లో మనం ఎన్నిసార్లు ఇరుక్కోలేదు! ఆ పేరు ఎవరిదని అడిగినవాళ్ళు ఎంతమంది?

ఈ కథంతా ముక్కు ఫోటోలో దొరకదు, తోక ఫోటోలో ఉంది. ముందు నుంచి మాత్రమే తీసేవాడు ఆ విమానం గురించి సగం అబద్ధం చెప్తున్నాడని మా అభిప్రాయం.

ఇంక మంచి కెమెరాలు పట్టుకొచ్చే ఫోటోగ్రాఫర్ల సంగతి. వీళ్ళ మీద మాకు గౌరవం ఉంది, అందుకే కోపం ఎక్కువ. వైడ్ లెన్సు తగిలించి ముక్కుకు జానెడు దూరం నుంచి తీస్తారు. ముక్కు గుమ్మడికాయంత, తోక చింతకాయంత వస్తుంది. ఇంటికి పోయి కంప్యూటర్లో కూర్చుని కంచె తీగ చెరిపేస్తారు, పక్కనున్న చెత్తబుట్ట చెరిపేస్తారు, రెక్క మీద ఉబ్బిన మచ్చలు చెరిపేస్తారు, బూడిద ఆకాశానికి నిప్పురంగు పూస్తారు. ఆ మచ్చ చెరిపేశారే, అది ఏమిటో తెలుసా? అల్యూమినియం చెడిపోతే ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు. రంగు కింద తెల్లటి పొడిలా ఉబ్బుతుంది. ఈ ఏడు మచ్చ ఎంత ఉంది, మూడేళ్ళ తర్వాత ఎంత అయింది అని చూపించగలిగేది మీ ఫోటో ఒక్కటే. పేషెంటు ఎక్స్‌రేలో విరిగిన ఎముకను అందంగా అతికించి డాక్టరుకు ఇస్తారా?

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. "పని చెయ్యలేదు" అని ఒక్క మాట రాసి బగ్ రిపోర్టు పంపితే మొహాన కొట్టినట్టు వెనక్కి వస్తుంది. ఏ వెర్షను, ఏ రోజు, ఏ మెషీను, ఏం చేస్తే ఏమైంది, అన్నీ రాయాలి. విమానం ఫోటో కూడా అంతే. నంబరు లేదు, తేదీ లేదు, ఊరు లేదు అంటే అది రిపోర్టు కాదు, ముచ్చట. ముచ్చట వద్దనడం లేదు. ముచ్చట తీరాక ఇంకో పది నిమిషాలు ఆగమంటున్నాం.

అంకె ఒకటి మారితే ఏమైందిలే అంటారా? మేం కన్నడ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు తర్వాత ఇంట్లో నేర్చుకున్నవాళ్ళం. తలకట్టు ఎట్లా వంగిందో చూసి ఇది కన్నడమా, తెలుగా అని పోల్చుకున్నవాళ్ళం. గీత ఒక్కటి మారితే అక్షరం ఇంకో ఇంటిదైపోతుందని మాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. విమానం నంబరు అట్లాంటిదే. మన వైమానిక దళంలో మారుత్‌కు బీడీ, మిగ్-21కు సీ, కిరణ్‌కు యూ అని మొదట అక్షరాలు, తర్వాత అంకెలు ఉంటాయి. ఆ అంకెల్లో ఒకటి మారితే అది వేరే విమానం. దాన్ని నడిపినవాళ్ళు వేరే, దానికి జరిగింది వేరే.

మ్యూజియంల వాళ్ళకు రెండు మాటలు. పేరు పెట్టి ఎవరినీ అనం. ఒకచోట గేటు దగ్గర మా కెమెరా ఆపేశారు. ఫోను పోవచ్చంట, కెమెరా పోకూడదంట. ఫోన్లో ఉన్నది కెమెరా కాదా అంటే కాపలా ఆయన పాపం "రూల్ సార్" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఇంకోచోట కెమెరాకు పెట్టిన రుసుము మనిషి టికెట్టు కంటే ఎక్కువ. విమానాలు ఎగిరే స్థావరంలో ఫోటో వద్దంటే మేమే కెమెరా సంచిలో పెట్టుకుంటాం. అది భద్రత, దాని మీద వాదన లేదు. మరి చక్రాల గాలి పోయి, గొట్టాలకు రేకు కొట్టి, రెక్క కింద పావురాలు గూడు పెట్టుకున్న విమానంలో దాచాల్సిన రహస్యం ఏముంది? 1990 నాటికే ఇంటికి పంపేసిన విమానం తోక నంబరు తెలిస్తే దేశానికి ఏం నష్టం? దాచాల్సింది ఏమైనా ఉంటే అది మూడేళ్ళుగా వెయ్యని రంగే.

రెండో మాట రంగు గురించే. రంగు వెయ్యండి, వెయ్యాల్సిందే. వేసే ముందు పాత రాతలన్నీ, మూల మూలలా, ఫోటో తీసి పెట్టుకోండి. "ఇక్కడ కాలు పెట్టరాదు" అని రాసిన చిన్న అక్షరాలతో సహా. బోర్డు మీద "భారతదేశపు తొలి స్వదేశీ జెట్ యుద్ధ విమానం" అని రాసి వదిలేయకండి. అది అన్ని మారుత్‌లకూ వర్తించే మాట. మీ ముందు నిలబడినది ఏ మారుత్, ఏ ఏడాది వచ్చింది, ఏ స్క్వాడ్రన్‌లో ఉంది, ఎప్పుడు దిగింది అనేది రాయండి. జర్మనీలో మ్యూనిక్ దగ్గర ష్లైస్‌హైమ్‌లో ఉన్న మ్యూజియంలో కూడా ఒక మారుత్ ఉంది. వాళ్ళకు అది టాంక్ చివరి విమానాల్లో ఒకటి. మన దగ్గరున్నది ఎవరి విమానం? ఆ జవాబు బోర్డు మీద ఉండాలా వద్దా?

ఇది ఒక్క బెంగళూరువాళ్ళ గొడవ అనుకోకండి. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియంలో ఉన్నట్టే ముంబైలో నెహ్రూ సైన్స్ సెంటర్‌లో, చెన్నైలో పెరియార్ సైన్స్ సెంటర్‌లో మారుత్ ఉంది. పిల్లల్ని తీసుకుని పోని తెలుగు ఇల్లు ఆ ఊళ్ళల్లో తక్కువ. ఇంక మిగ్-21 అయితే మన అందరిదీ. దాని ఒళ్ళు మహారాష్ట్రలో నాసిక్ దగ్గర ఓఝర్‌లో కట్టారు. ఇంజన్లు ఒడిశాలో కోరాపుట్ జిల్లా సునాబెడలో తయారయ్యాయి. ఎలక్ట్రానిక్స్ పని హైదరాబాద్ బాలానగర్‌లో జరిగింది. సునాబెడలో పనిచేసిన తెలుగు కుటుంబాలు ఈ మాటలు చదువుతుంటే వాళ్ళకు ఒక ప్రశ్న. మీ ఊరి కూడలిలోనో, ఏదైనా కాలేజీ ముందో స్తంభం మీద మిగ్-21ను చూసి చెయ్యెత్తి దండం పెట్టి వస్తారు కదా, దాని లోపల ఇంజను ఉందో లేదో ఎప్పుడైనా చూశారా? ప్రదర్శనకు పెట్టేటప్పుడు ఇంజను తీసేయడం మామూలే. మీ నాయనగారు పనిచేసింది ఇంజను మీద. అది అక్కడ లేకపోతే ఆ ఖాళీని కూడా ఫోటో తీయండి. వెనక నుంచి తీస్తేనే అది తెలుస్తుంది.

తొందర ఎందుకంటే, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పేశారు. 1963లో వచ్చిన విమానం, అరవై రెండేళ్ళ సర్వీసు. చివరిదాకా ఉన్న విమానాల మీద స్క్వాడ్రన్ గుర్తులు, వాడుక మరకలు ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్నింటిని రేపు ఎక్కడెక్కడో నిలబెడతారు. మొదటి కొత్త రంగు పడితే ఆ గుర్తులు పోయినట్టే.

ఒక అభ్యంతరం మాకు ఇంట్లోనే ఎదురైంది. "అవి మనుషుల్ని చంపడానికి చేసినవి కదా, వాటికి ఇంత భక్తా?" అని మా చెల్లెలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు మారుత్‌లు దాడులకు పోయాయి. మిగ్-21లు కూలి చనిపోయిన కుర్ర పైలట్ల తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. మేం అడిగేది భక్తి కానే కాదు. భక్తి ఉన్నవాడికి నిప్పురంగు ఆకాశం, జెండా, ఒక నినాదం చాలు. నంబరు కావాలనేవాడికే ఆ విమానం ఎక్కడికి పోయింది, ఏం చేసింది, ఎవరిని మోసింది, ఎవరిని పోగొట్టుకుంది అని అడిగే దారి దొరుకుతుంది. లెక్క తెలియాలన్నా, సిగ్గుపడాలన్నా, గర్వపడాలన్నా ముందు అది ఏ విమానమో తెలియాలి.

సరే, ఏం చెయ్యాలో కూడా చెప్పేస్తాం. మొదట దూరంగా నిలబడి, సరిగ్గా పక్క నుంచి, ముక్కు నుంచి తోక దాకా ఒక ఫోటో. వైడ్ లెన్సు వద్దు, నాలుగడుగులు వెనక్కి పోండి. కంచె అడ్డం ఉంటే లెన్సును తీగల మధ్య సందుకు దగ్గరగా ఆనించి తీస్తే తీగ కనబడదు, చెరపాల్సిన పని ఉండదు. తర్వాత నంబరు, దగ్గరి నుంచి, చదవగలిగేట్టు. తర్వాత వెనక నుంచి గొట్టాలు. చక్రాలు ముడుచుకునే గుంతల్లోకి వంగి చూస్తే చిన్న రేకు పలకలు, ముద్రలు కనబడతాయి, అవి. పొద్దునో సాయంత్రమో వెలుతురు వాలుగా పడినప్పుడు రెక్క మీద రివెట్లు తేలి కనబడతాయి. మిట్టమధ్యాహ్నం తీస్తే అంతా చదునుగా ఉంటుంది. తర్వాత చెడిపోయిన చోట్లు. ఆఖరున బోర్డు మొత్తం. ఇంటికొచ్చాక ఊరు, తేదీ ఫైలు పేరులోనే రాయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నలిగి చిన్నదవుతుంది, తీసిన తేదీ కూడా దాంతో పోదు. అందుకని అసలు ఫైలు వేరేగా దాచుకోండి.

ఇంట్లో ఆ పని చేసిన పెద్దవాళ్ళు బతికి ఉంటే, ఈ లిస్టంతా పక్కన పెట్టి ముందు వాళ్ళను తీసుకుపోండి. వరసలో నిలబెట్టకండి. వాళ్ళు ఎటు తిరిగితే అటు మీరు కెమెరా తిప్పండి. వాళ్ళు ఏ మూల చూపించి ఏమన్నారో ఫోన్లో రికార్డు చేసుకోండి. ఆకలేస్తోందని పిల్లలు అంటే బిస్కెట్లు పెట్టండి. ఆటోవాడికి వెయిటింగ్ ఇవ్వండి. మేం 1997లో మిగిల్చుకున్నది ఆ వెయిటింగ్ చార్జీ ఒక్కటే.

చిన్నాయనకు ఈ రాత ముందే చదివి వినిపించాం. "నా భుజాన్ని ఊరంతా తిప్పుతున్నారు గదప్పా" అని నవ్వాడు. కాసేపటికి ఆయనే లేచి, బీరువా మీద నుంచి పాత ఆల్బములు దించాడు. ఆ రోజు ఇంకో ఫోటో ఏమైనా తీశారేమోనని మళ్ళీ వెతికాం. దొరకలేదు.

మీ ఇంట్లోనూ అట్లాంటి ఆల్బం ఉంటుంది. విమానం ముందు అందరూ నవ్వుతూ నిలబడ్డ ఫోటో ఒకటి ఉంటుంది. ఈసారి మొహాలు చూడకండి. భుజాల సందుల్లో చూడండి. ఒక్క అంకె కనబడినా, ఫోటో వెనక పెన్సిలుతో ఊరు, ఏడాది రాసి పెట్టండి. మా ఇంటి మారుత్ 3 అని తేల్చేది ఎవరింటి ఆల్బమో ఎవరు చూశారు!